జున్నుకి జుట్టు మొలిచింది

ఒక పెద్ద అడవిలో, మొన్నమొన్ననే, కొండమ్మ అనే ఎలుగుబంటి అర్జీ రాసింది. అప్పటిదాకా జన్మలో ఒక్క ముక్క రాసి ఎరగదు. రాసిందాన్ని చూసుకుని తనే సిగ్గుపడింది.

రాయక తప్పలేదు మరి. కూతురు జున్నుకి పెద్ద జబ్బు చేసింది. ఒంటిమీద జుట్టంతా రాలిపోయి, చావు తప్పి బయటపడింది. ఇంట్లో తేనె మొత్తం కోతి వైద్యుడి మందులకే సరిపోయింది. ఇప్పుడు ఏటి అవతల కొంగ పంతులుగారి బడిలో చేర్చాలంటే కుండెడు తేనె కట్టాలి. పెద్ద జబ్బు పడి లేచిన పిల్లకి ఆ తేనె స్కాలర్‌షిప్పుగా ఇస్తామని అడవి సంఘం చాటింపు వేయించింది.

సంఘం కార్యదర్శి నక్క. "పిల్ల ఏదమ్మా?" అన్నాడు.

"ఇదేనండీ."

నక్క జున్ను చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. "ఇదా? నిగనిగలాడిపోతోంది కదమ్మా!"

"తగ్గిపోయిందండీ. తగ్గినవాళ్ళకేగా ఇస్తామన్నారు?"

"తగ్గినవాళ్ళకే. కానీ మరీ ఇంత తగ్గితే ఎట్లా? స్టేజీ ఎక్కిస్తే ఎవరికి ఏడుపొస్తుంది? తేనె ఇచ్చే సభరోజుకి అక్కడక్కడా గొరిగించుకురా, చూద్దాం."

"ఈ జుట్టు మళ్ళీ మొలిచిన రోజు మేం పాయసం వండుకున్నామండీ," అంది కొండమ్మ. పిల్లని చంకనేసుకుని వచ్చేసింది.

నక్క ఊరుకుంటాడా? సంఘం అధ్యక్షుడు ఏనుగుగారి మనవడు గున్న కంటబడ్డాడు. తోక చివర తప్ప ఒళ్ళంతా నున్నగా ఉన్నాడు.

"అయ్యా, ఇంతకన్నా అర్హుడెవడండీ?" అన్నాడు ఏనుగుతో.

"వాడికి జలుబైనా రాలేదయ్యా!"

"చూసేవాళ్ళకేం తెలుస్తుందండీ?"

"సరే, అడవి కోరితే కాదంటానా!"

సభలో గున్నని చూడగానే లేళ్ళు బావురుమన్నాయి. కొండమ్మ చివరి వరసలో తల దించుకు కూర్చుంది. ఇంతలో అడవిపంది లేచింది.

"ఒరేయ్, తాతకీ జుట్టు లేదురోయ్! ఇంటిల్లిపాదికీ అంటుకుంది!"

"మేం పుట్టుకతోనే ఇంతర్రా!" అన్నాడు ఏనుగు.

"పుట్టుకతోనేనా! బాగా ముదిరిపోయింది, పడుకోబెట్టండి!" అంటూ కోతి వైద్యుడు కషాయం బాన తెప్పించాడు. నక్క అప్పటికే స్టేజీ దిగి పొదల్లో పడ్డాడు.

మొదటి గుక్క గొంతు దిగగానే ఏనుగు ఘీంకరించాడు. "మాకే జబ్బూ లేదు! జబ్బు పడి లేచింది ఆ ఎలుగు పిల్ల! తేనె దానిదే, ఇచ్చెయ్యండి!"

తేనె ఇచ్చేశారు. కషాయం మాత్రం ఆపలేదు. ఎందుకైనా మంచిదన్నారు. జుట్టు మొలిచి నయమయ్యేదాకా అధ్యక్షుడి కుర్చీ కూడా ఎక్కనివ్వం అన్నారు.

మర్నాడు పొద్దున్నే కొండమ్మ నెత్తిన కుండ, వెంట జున్నుతో ఏటికి బయల్దేరింది. దారిలో ఏనుగు మూతి బిగించుకుని పడుకున్నాడు. కొండమ్మ ఆగి, కుండ దించి, కషాయం దొప్ప అందుకుంది.

"మింగండయ్యా. మా జున్ను ఏడవకుండా తాగింది," అంది.

నీతి: సాయం కావాలంటే జుట్టు రాలాలి, పదవి నిలవాలంటే జుట్టు మొలవాలి.