నోలీన్ లోలాకులు, క్లెమ్ పెనం

ముల్లన్‌బర్రా ఊళ్లో ఏటా జరిగే షోలో పోటీకి చేతిపనులు గురువారం పన్నెండులోగా హాల్లో అప్పగించాలి. నోలీన్ ఆ రోజు పొద్దున్నే లేచి లెక్క వేసుకుంది. ఏడింటికి లోలాకులు ఓవెన్లో పెట్టాలి, ఎనిమిదికి తీయాలి, పదకొండుకి కారెక్కాలి. ఇంట్లో మొగుడున్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

ఆమె చేసేవి పాలిమర్ మట్టి నగలు. ఆ మట్టి కాల్చేదాకా మెత్తగానే ఉంటుంది, ఏది తగిలినా అచ్చు పడుతుంది. ఈసారి నల్లమట్టి మీద వెండిరేకు పరిచి పిండిని పల్చగా ఒత్తే పాస్తా మిషన్లో ఒత్తింది. రేకు కరువునాటి నేలలా సన్నసన్నగా నెర్రెలిచ్చింది. దాంట్లోంచి రెండు గుండ్రటి బిళ్లలు కోసి పలక మీద పెట్టింది.

ఇంత శ్రమా ఆడపడుచు డల్సీ కోసం. పైఅలంకారం నగల విభాగంలో ఐదేళ్లుగా మొదటి బహుమతి నీలం పట్టీ డల్సీదే. పట్టీ పోతే పోనీ, ఈ ఐదేళ్లలో నోలీన్ పని చూసి ఆవిడ "బాగున్నాయిలే" అని కూడా అనలేదు. నోలీన్‌కి గుచ్చుకున్నది అదే.

ఆమె కోళ్లకి గింజలు వేయడానికి పెరట్లోకి వెళ్లగానే మొగుడు క్లెమ్ టీ కోసం వంటింట్లోకి వచ్చాడు. వెండి మీద ఈగలు ముసురుతున్నాయి. పాపం, మంచి మనిషి. గళ్లనేత తువ్వాలు తెచ్చి కప్పాడు. ఫ్యాను గాలికి అది లేస్తుంటే పైన ఇనప పెనం పెట్టి, ఉపకారం చేశానన్న తృప్తితో టీ కలుపుకున్నాడు.

"నోలీ, ఈగలు వాలకుండా మూత పెట్టాను" అన్నాడు ఆమె రాగానే.

నోలీన్ పెనం ఎత్తింది, తువ్వాలు తీసింది. బిళ్లలు రెండూ అప్పచ్చుల్లా అణిగి, వెండి మీద గళ్లు గళ్లుగా నేత దిగబడి ఉంది.

"ఈ పెనం ఎంత బరువుంటుంది, క్లెమ్?"

"నాలుగు కిలోలుంటుందేమో. ఎందుకూ?"

ఆమె కుర్చీలో కూలబడింది. ఇంట్లో ఇంకో రేకు లేదు, రేకు దొరికే ఊరు రెండు గంటల దూరం.

"అలాగే కాల్చెయ్. గళ్లు బానే ఉన్నాయిగా?"

"నువ్వు మాట్లాడకు."

కాల్చింది, కొక్కేలు తగిలించింది, డబ్బా అతని చేతిలో పెట్టింది. "నువ్వే ఇచ్చిరా. డల్సీ ముందు ఈ మొహం పెట్టుకుని నేను నిలబడలేను" అని పడగ్గది తలుపు వేసుకుంది.

హాల్లో వస్తువులు తీసుకునే మేవిస్ అందరినీ అడిగినట్టే అడిగింది. "మొత్తం నోలీన్ చేతిపనేగా?"

క్లెమ్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అందుకని అబద్ధం జోలికే పోడు. "పైన ఆ గళ్లు మాత్రం నావి."

మేవిస్ నియమాల పుస్తకం తిరగేసింది. "ఇది పైఅలంకారం విభాగం కదా. పైన అలంకారం ఎవరిదైతే వస్తువు వాళ్లదే. నీ పేరు రాయాలి, లేదా వెనక్కి తీసుకెళ్లాలి."

వెనక్కి తీసుకెళ్తే ఇంట్లో ఏమవుతుందో క్లెమ్‌కి తెలుసు. సంతకం పెట్టాడు.

"ఇచ్చేశావా?" అని లోపల్నుంచి అడిగింది నోలీన్.

"ఇచ్చేశాను" అన్నాడు. అదీ నిజమే.

శనివారం ఆమె వెళ్లనంటూనే వెళ్లింది. నీలం పట్టీ తన లోలాకుల మీదే ఉంది. గబగబా దగ్గరికెళ్లింది. చీటీ చదివింది: విజేత, క్లెమ్ హాడ్రిల్. కింద న్యాయనిర్ణేత మాట: "నేత ముద్రలో గొప్ప నిగ్రహం."

"నిగ్రహమా?" అంది నోలీన్.

"నాలుగు కిలోలు" అన్నాడు క్లెమ్ నీరసంగా. జరిగింది చెప్పాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పనీ పోయింది, పేరూ పోయింది.

అప్పుడే రెండో బహుమతి చీటీతో డల్సీ వచ్చింది. "ఒరేయ్ క్లెమ్, నీకు చొక్కా బొత్తాం కుట్టుకోవడమే రాదు. ఇవెలా చేశావురా?"

క్లెమ్ ఈగల దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్లీ అంతా చెప్పాడు. డల్సీ కళ్లజోడు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"గళ్లదేముంది, పెనం పెడితే ఎవరికైనా పడతాయి. ఈ నెర్రెలు మాత్రం నీ చెయ్యే, నోలీన్. రెండేళ్లుగా తంటాలు పడుతున్నా నాకు ఇంత సన్నగా రావు. ఏటా హాల్లోకి రాగానే ముందు నీవే చూస్తాను."

"ఎప్పుడూ అనలేదే?"

"అంటే ఇంకా బాగా చేస్తావని."

నోలీన్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఐదేళ్ల ఉక్రోషం ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

నోలీన్, డల్సీ ఇద్దరూ టీ గుడారంలో కూర్చుని స్కోన్లనే చిన్న రొట్టెలు తింటూ కమిటీకి అర్జీ రాశారు, వచ్చే ఏడు నుంచి ఆ విభాగంలోకి మగవాళ్లని రానివ్వకూడదని. అర్జీని ఆ విభాగం విజేత బలపరచాలని నియమం ఉంది కాబట్టి, కింద క్లెమ్ సంతకం పెట్టాడు.