మా బావమరిది కారు వెడల్పయిన వైనం

కారుకు వీల్ స్పేసర్లు వేయించుకోనివాడిదీ ఒక బతుకేనా? ముక్కుసూటిగా అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

తెలియనివారి కోసం చెబుతాను. స్పేసరంటే చక్రాన్ని బిగించే చోట, దాని వెనక దూర్చే గుండ్రటి అల్యూమినియం బిళ్ళ. నాలుగు చక్రాలకూ నాలుగు బిళ్ళలు పడితే చక్రాలన్నీ అటూ ఇటూ బయటికి పొడుచుకొస్తాయి. అప్పటిదాకా ఒద్దికగా నిలబడ్డ కారు కాస్తా, కాళ్ళు ఎడంగా పెట్టి నడుం మీద చేతులు వేసుకున్న పెద్దమనిషిలా కనిపిస్తుంది. ఈ జ్ఞానమంతా నాకు మా బావమరిది వల్ల అబ్బింది. వాడుండేది మా వీధిలోనే.

ముందు లాభాలు. మలుపుల్లో కారు నిలకడగా ఉంటుందట. మా వీధి మలుపు తిరగాలంటే రెండుసార్లు రివర్స్ వేయాలి కాబట్టి ఆ నిలకడను నేనింకా కళ్ళారా చూడలేదు. పెద్ద బ్రేకులు వేయించుకుంటే అవి చక్రానికి తగలకుండా ఉంటాయట. వాడి బ్రేకులు పాతవే. అయినా రేపెప్పుడైనా బుద్ధి పుడితే? చోటు సిద్ధంగా ఉంది కదా!

నష్టాలంటూ కొందరు ఓర్వలేనివాళ్ళు ప్రచారం చేస్తుంటారు. బేరింగులు తొందరగా అరిగిపోతాయంటారు. అరగనివ్వండి. ఆ మూలుగు వినబడగానే వాడొస్తున్నాడని తెలిసి వాళ్ళావిడ ముందే గేటు తీసి పెడుతోంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతుందంటారు. లాగడానికి జిమ్ముకు వెళ్ళేవాళ్ళు లేరా? చక్రాలు మడ్‌గార్డు దాటి రావడంతో వానలో బురదంతా నడిచేవాళ్ళ మీద చిమ్ముతుందంటారు. ఇన్నేళ్ళలో వాణ్ణి ఒక్కసారీ పలకరించని పక్కింటి లాయరుగారు ఇప్పుడు వాడు కనిపిస్తే చాలు, రోడ్డు మధ్యలో ఆపి మరీ మాట్లాడుతున్నారు.

ఒక్కటి మాత్రం నేనూ ఒప్పుకుంటాను. వెనక సీట్లో మనుషులు కూర్చుంటే కారు కిందికి దిగి, టైరు మడ్‌గార్డుకు గరగరా రాసుకుంటోంది. టైర్ల షాపాయన వంగి చూసి, "వెనక బరువు పడకపోతే ఏం కాదండీ" అన్నాడు.

బిళ్ళలు తీయించుకుంటాడేమో అని ఆయన ఆశ. మా బావమరిది బరువు తీయించడం మొదలుపెట్టాడు. ముందు స్టెప్నీ దిగింది. తర్వాత జాకీ, టూల్‌బాక్సు. ఆ తర్వాత నేను. చివరికి మా అత్తగారు.

మా అత్తగారంటే వాణ్ణి కన్నతల్లి. అంతకు కొద్దిరోజుల ముందే ఆవిడకు మోకాలి ఆపరేషనయింది. వారం వారం ఫిజియోథెరపీకి రాకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరుగారు మరీ మరీ చెప్పి పంపారు. ముందు సీట్లో కూర్చోబెట్టవచ్చు కదా అంటారేమో. అక్కడ వాడు రేసుకారు సీటు వేయించాడు. ఒకసారి అందులో కూర్చున్న ఆవిడను బయటికి తీయడానికి ఇద్దరం చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది.

"బస్సులో వెళ్ళమ్మా. ఎత్తుగా ఉంటుంది, దారంతా చక్కగా కనిపిస్తుంది" అన్నాడు సుపుత్రుడు.

ఆవిడ బస్సు మెట్టెక్కలేక స్టాపు నుంచే వెనక్కి వచ్చేసింది. నాకున్నది స్కూటరు. దాని మీద ఆవిడ కాలు మడిచి కూర్చోలేదు. పోనీ టాక్సీ పిలుస్తానంటే వద్దంది.

"కొడుక్కి కారుండగా నేను టాక్సీ ఎక్కితే నలుగురూ వాణ్ణి ఏమనుకుంటారు బాబూ? టైరు రాసుకుంటే వాడి ప్రాణం విలవిల్లాడిపోతుంది. నాకిప్పుడు నొప్పేం లేదులెండి."

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద ఎంత మండిందో ఆవిడ మీదా అంతే మండింది. ఆ తర్వాత ఆవిడ ఇల్లు కదల్లేదు.

కాబట్టి పాఠకులారా, స్పేసరు ఎంత గొప్ప పరికరమో గమనించండి. బయటి నుంచి చూస్తే కారు వెడల్పయింది. లోపల కన్నతల్లికి చోటు లేకుండా పోయింది. ఒక చిన్న బిళ్ళ ఇంత పని చేయగలదని ఎవరనుకున్నారు?

మొన్న డాక్టరుగారే ఇంటికొచ్చి ఆవిడ కాలు వంచబోయారు. సగంలో ఆగిపోయింది. ఇక ఇంతేనన్నారు. నేను తిన్నగా టైర్ల షాపుకు వెళ్ళి, ఆ బిళ్ళలు తీయడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

"మీరలా టీ తాగొచ్చేలోపు తీసేస్తానండీ" అన్నాడాయన.

ఆ మాటే వెళ్ళి మా బావమరిదికి చెప్పాను. వాడు తల దించుకుని చాలాసేపు ఆలోచించాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి, అబద్ధమెందుకు.

"అమ్మ కాలు ఎలాగూ వంగదు కదా బావా," అన్నాడు చివరికి, "ఇప్పుడవి తీయించి ఏం లాభం?"