మావుళ్ళమ్మకు రెండు జెండాలు

శనివారం పొద్దున అప్పాజీ వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. మధ్యాహ్నానికి మ్యాచ్ అయిపోతుంది, దాంతో సీజనూ ముగుస్తుంది, ముదీర్, అంటే మేనేజరు, సనావుల్లా సొరుగు తీసి పాస్‌పోర్టు చేతికిస్తాడు, సాయంత్రం విమానంలో తనూ సుధారాణీ పక్కపక్క సీట్లలో కూర్చుని భీమవరం ప్రయాణం కడతారు. పక్కపక్క సీట్లంటే చిన్న మాట కాదు. అప్పాజీ దుబాయ్‌లో ఒక ఆటల మైదానంలో గడ్డి పెంచుతూ అల్ కుసైస్ క్యాంపులో ఉంటాడు. అతని భార్య సుధారాణి జుమేరాలో ఒక మేడమ్ ఇంట్లో వంటా, పిల్లలనూ చూసుకుంటుంది. ఒకే ఊళ్ళో ఉన్నా వాళ్ళ కాపురం ఆదివారం పూట పార్కు బెంచీ మీదే. ఇద్దరికీ ఒకేసారి సెలవు ఎన్నడూ దొరకలేదు. పెద్దమ్మ దగ్గర పెరుగుతున్న కూతుర్ని చూడ్డానికి ఒకసారి అమ్మ పోతే ఇంకోసారి నాన్న పోతాడు. ఒకే మనిషి వేషం మార్చుకుని వస్తున్నట్టు ఆ పిల్ల అనుకున్నా తప్పు పట్టడానికి లేదు.

ఈసారి మేడమ్ నెల రోజులు సెలవిచ్చింది. సనావుల్లా మాత్రం మెలిక పెట్టాడు.

"సీజన్ ఖలాస్ అయితే నువ్వు భీ ఖలాస్. అప్పటిదంక సెలవు మాట ఎత్తకు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత దుబాయ్ దాకా వచ్చి ఉద్యోగం చేస్తోంది.

ఆ సీజన్ సంగతి కూడా చెప్పుకోవాలి. దుబాయ్‌లో ఉద్యోగాలు చేసే ఆస్ట్రేలియా వాళ్ళు, కరోనా సద్దుమణిగాక, తమ దేశపు ఫుట్‌బాల్‌కి ఆ చలికాలమే కొత్తగా ఒక పోటీ మొదలుపెట్టారు. కోడిగుడ్డు ఆకారం మైదానం, కోడిగుడ్డు ఆకారం బంతి. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, బంతి పట్టుకున్నవాణ్ణి కింద పడేయొచ్చు. ఒక్కో చివర నాలుగు గుంజలు. నడిమి రెండింటి మధ్య నుంచి బంతి పోతే ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే, పాపం కష్టపడ్డాడని, ఒకటి. గుంజల దగ్గర తెల్లకోటు వేసుకున్న అంపైరు ఆరుకైతే రెండు జెండాలు ఎత్తుతాడు, ఒకటికైతే ఒక్కటే. అవతలి చివర అంపైరు అది చూసి తనూ అలాగే ఎత్తాడంటే లెక్క ఖాయం, ఇక మార్చడం ఉండదు. చలికాలమంతా గుంజల వెనక నిలబడి బంతులు అందించిన అప్పాజీకి ఇదంతా కంఠతా వచ్చేసింది.

పొద్దున్నే సుధారాణి ఫోన్ చేసింది.

"ఏవండీ, మ్యాచ్ అయిన వెంటనే మన ఊరి మావుళ్ళమ్మ తల్లికి దండం పెట్టుకోండి. మొక్కుకున్నాను. మర్చిపోతారేమో!"

"ఆయ్, మర్చిపోతానా? రెండు చేతులూ ఎత్తి పెట్టేత్తాను."

ఫోన్ పెట్టేశాడో లేదో సనావుల్లా చిరాకు పడుతూ వచ్చాడు. "గోల్ అంపైర్‌కు బుఖార్ అంట, మంచం దిగుతలేడంట. సాబ్‌లు ఫైనల్ వచ్చే వారం పెట్టుకుందామంటుండ్రు."

అప్పాజీ అడ్డం పడ్డాడు. "వద్దు భాయ్, వద్దు! ఆ పని నాకొచ్చు. ఆ కోటు ఇలా ఇచ్చేయండి."

ఆ కోటు ఆరడుగుల మనిషిది. అప్పాజీకి మోకాళ్ళు దాటి వేలాడింది. ఏమైతేనేం, అందులో దూరి, చేతికో జెండా పట్టుకుని గుంజల మధ్య నిలబడ్డాడు. ఎర్రచొక్కాలకూ నీలంచొక్కాలకూ మధ్య పోరు. అప్పాజీ ఆట పొడుగునా ఒక్క తప్పూ చెయ్యలేదు. ఒకటికి ఒకటి, ఆరుకి రెండు. సనావుల్లా కూడా దూరం నుంచి బొటనవేలు చూపించాడు. అతను మెచ్చుకున్నప్పుడే జాగ్రత్త పడాల్సింది.

చివరికొచ్చేసరికి ఎర్రచొక్కాలు సరిగ్గా ఆరు పాయింట్లు ముందున్నారు. నీలంచొక్కావాడు ఒకడు ఆఖరి తన్ను తన్నాడు. బంతి అప్పాజీ వైపే వచ్చి, పక్క సందులోంచి వెళ్ళింది. అది గుంజలు దాటీదాటగానే సైరన్ మోగింది. ఒక పాయింటు! ఎర్రచొక్కాలదే గెలుపు, సీజన్ ఖలాస్!

అప్పాజీకి కళ్ళముందు పక్కపక్క సీట్లు కనిపించాయి. ఇద్దర్నీ ఒకేసారి గుమ్మంలో చూసి తికమకపడే కూతురు కనిపించింది. కళ్ళు చెమర్చాయి. "తల్లీ మావుళ్ళమ్మా!" అంటూ ఆకాశం వైపు చూసి, రెండు చేతులూ నెత్తిమీదికెత్తి నిండుగా దండం పెట్టాడు.

రెండు చేతుల్లోనూ జెండాలున్నాయి.

అవతలి చివర అంపైరు అది చూసి, పద్ధతి ప్రకారం తనూ రెండు జెండాలు ఎత్తాడు. ఆరు! మ్యాచ్ సమం! నీలంచొక్కాలు పరుగెత్తుకొచ్చి అప్పాజీని భుజాల మీదికెత్తుకున్నారు. ఎర్రచొక్కాలు దించమని అరుస్తున్నారు, కొట్టడానికి.

"వన్ సార్, వన్! టూ నాట్ గోల్ సార్, టూ మై గాడ్!" అని అప్పాజీ పైనుంచి మొత్తుకున్నాడు. ఆ భక్తికి నీలంచొక్కాలు మరింత సంతోషించారు.

ఎలాగో కిందికి దిగేసరికి సనావుల్లా కోటు పట్టి పక్కకు లాగాడు. "నోరు మూస్కో! తప్పయిందని ఒప్పుకుంటే, గడ్డి కోసేటోన్ని అంపైర్‌గా పెట్టిందెవరని అడుగుతరు. నా పేరొస్తది. రెండు ఎత్తినవు, రెండే."

"సరే భాయ్, రెండే. మరి సీజన్ అయిపోయినట్టేగా? పాస్‌పోర్టు..."

"డ్రా అయినంక ఖలాస్ ఎట్లయితది? వచ్చే శనివారం మళ్ళీ ఆడుతరంట. గ్రౌండ్ నువ్వే తయారు చెయ్యాలె."

పాతకాలంలో వాళ్ళ దేశంలో ఫైనల్ సమమైతే మళ్ళీ ఆడించేవారట. మొదటి సీజన్‌లోనే అంతటి వైభవం తమకూ పట్టిందని సాబ్‌లు ఒకరినొకరు కావలించుకున్నారు. అప్పాజీని కావలించుకున్నవాడు లేడు.

సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి సుధారాణి ఫోన్.

"ఎక్కడున్నారండీ? లైను కదిలిపోతోంది."

అప్పాజీ జరిగింది చెప్పాడు.

"దండం పెట్టారా?" అంది సుధారాణి.

"పెట్టాను."

"పెట్టాక కూడా ఇలా ఎందుకైందండీ?"

"పెట్టినందుకే అయింది."

సుధారాణి ఒక్కతే విమానం ఎక్కింది. పక్క సీటు ఖాళీగా వెళ్ళిందట. అప్పాజీ తెల్లకోటు ఒళ్ళో పెట్టుకుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

మరుసటి శనివారం వాన పడింది. దుబాయ్‌లో వాన! ఏళ్ళ తరబడి గొట్టాలతో నీళ్ళు పట్టిన అప్పాజీ, మొదటిసారి మైదానంలోంచి నీళ్ళు తోడి పోశాడు. ఆ పై శనివారం మ్యాచ్ జరిగింది. బుఖార్ తగ్గిన అంపైరే నిలబడ్డాడు. ఎర్రచొక్కాలు ఎవరికీ అనుమానం మిగలకుండా గెలిచారు. బహుమతుల వేళ సాబ్‌లు అప్పాజీని పిలిచి, చరిత్రాత్మకమైన ఆ రెండు జెండాలనూ అద్దం కట్టించి చేతికిచ్చారు. ఫోటోలో సనావుల్లా మధ్యలో నిలబడ్డాడు.

"ఇప్పుడు ఖలాసే కదా భాయ్?"

"ఖలాసే. కానీ నీ బదులు రావాల్సినోడు షార్జా సైటుకు పోయిండు. వాడు రానీ."

వాడు వచ్చేసరికి సుధారాణి సెలవు పూర్తయింది. ఆమె దిగే రోజే అప్పాజీకి టికెట్టు దొరికింది. పెట్టె పట్టుకుని ముందుగానే ఎయిర్‌పోర్టుకి వెళ్ళి, జనం బయటికొచ్చే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సుధారాణి వచ్చింది. ఆమె కోసం వచ్చిన మేడమ్ డ్రైవరు అప్పటికే కారులో కూర్చుని "యల్లా, యల్లా!" అని తొందరపెడుతున్నాడు.

"పాప ఎలా ఉంది?"

"నాన్న ఏడీ అని రోజూ అడిగింది."

"ఏం చెప్పావ్?"

"దేవుడికి దండం పెడుతున్నాడు, అయ్యాక వస్తాడని చెప్పాను."

నవ్వాలని ఇద్దరికీ అనిపించింది. ఇద్దరివల్లా కాలేదు. సుధారాణి కొంగున కట్టుకొచ్చిన కుంకుమ విప్పి అతని నుదుట పెట్టింది.

"గుడికెళ్ళి ఈసారి ఖాళీ చేతుల్తో దండం పెట్టండి" అని కారెక్కింది.

కారు కదిలింది. కిటికీలోంచి సుధారాణి చెయ్యి ఊపింది. అప్పాజీ పెట్టె కింద పెట్టి, చాలా జాగ్రత్తగా, ఒక్క చెయ్యి మాత్రమే ఎత్తాడు.