కుంటకో కొంగ

గురువారం పొద్దున పది గంటల్లోపు కావలసిన పనులు ఇవి: గేటుకు రంగు. ఫ్లెక్సీ, అందులో మంత్రిగారి ఫొటో పెద్దగా, జనార్దన్ పటేల్ ఫొటో చిన్నగా, అయితే ఆయన నొచ్చుకునేంత చిన్నగా కాదు. రోడ్డు నుంచి కుంట దాకా ఎర్ర తివాచీ. శాలువాలు ఆరు. కొబ్బరి బొండాలు, స్ట్రాలతో సహా. కొంగలు, తక్కువలో తక్కువ యాభై.

ఈ లిస్టు ఎంకపల్లి ఫీల్డ్ అసిస్టెంట్ సుకుమార్ ఫోనుకు సోమవారం వచ్చింది. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు సుకుమార్. పైనుంచి వచ్చిన కాగితాన్ని ఆఖరి అక్షరం దాకా చదివే అలవాటు కూడా ఆ ఇంట్లో అతనితోనే మొదలైంది. మధ్యాహ్నానికల్లా బొండాల దాకా అన్నిటికీ మనుషులను పురమాయించి టిక్కు పెట్టాడు. కొంగల దగ్గర పెన్ను ఆగింది.

రైతుల పొలాల్లో కుంటలు తవ్వించి, పక్షులకూ కప్పలకూ చేపలకూ నీడ కల్పించాలన్న గొప్ప ఆశయంతో పుట్టిన పథకం 'కుంటకో కొంగ'. మండలానికి ఒక మోడల్ కుంట. మొయినాబాద్ మండలంలో ఆ గౌరవం పార్టీ నాయకుడు జనార్దన్ ఫారంహౌజుకు దక్కింది. ప్రకృతి అంటే ఆయనకు ఎంత ప్రేమంటే, పది ఎకరాల్లో ఎక్కడా గడ్డిపోచ కాలికి అడ్డం రాకుండా టైల్స్ వేయించుకున్నారు. కుంటను జేసీబీతో డబ్బా తీరు తవ్వించారు. గట్లు గోడల్లాగ నిటారుగా ఉన్నాయి. అడుగున నీలం ప్లాస్టిక్ షీటు, దాని మీద చుక్క నీళ్లు లేవు. వన్యప్రాణుల రక్షణకు చుట్టూ ఆరడుగుల జాలీ కంచె. రక్షణ ఎంత పకడ్బందీగా కుదిరిందంటే ఒక్క వన్యప్రాణి కూడా దగ్గరికి రాలేదు.

పక్షులకు హాజరు కూడా ఉన్నది. కూలీల హాజరు తీసే యాప్‌నే జర మార్చి ఇచ్చారు. పొద్దున తొమ్మిదికి ఒక ఫొటో, సాయంత్రం నాలుగుకు ఒక ఫొటో. లెక్క యాప్ తనే చూసుకుంటుంది. నెల రోజులుగా సుకుమార్ సున్నా పంపుతున్నాడు. హాజరు పడకపోతే జూన్‌లో కాంట్రాక్టు రెన్యువల్ కష్టమని పథకం పెద్దాఫీసరు పీడీ సారు ప్రేమగా చెప్పి ఉంచారు.

ఆ సారుకే సుకుమార్ ధైర్యం చేసి చెప్పాడు. "గట్టు వాలుగ ఉండాలె, అంచుకు బురద ఉండాలె, తుంగ మొలవాలె అని పుస్తకంల ఉన్నది సార్."

"ఆ పుస్తకం అచ్చేసిందే మనం. మనకే చెప్తవేంది సుకుమార్?" అన్నారు సారు.

ఊర్లో కొంగలు లేక కాదు. పక్క పొలంలోనే ఉన్నాయి. అది సుకుమార్ పెద్దమ్మ పెంటమ్మది, ఎకరం. మొగుడు బతికున్నప్పుడు ఇద్దరూ గడ్డపార, గంప పట్టుకుని మూడు ఎండాకాలాలు తవ్విన కుంట అందులో ఉన్నది. దాంట్లో తుంగ, బురద, కప్పలు, పరక చేపలు, బుడుబుంగ పిట్టలు, ఒక ముసలి తాబేలు. ఏ పథకంలోనూ లేనందువల్ల అన్నీ ఉన్నాయి. ఆ నీళ్ల మీదనే అరెకరం టమాట బతుకుతున్నది. కాత పట్టింది. వానలు పడేదాకా ఇంకో నెలన్నర దాన్ని కాపాడుకోవాలె.

పీడీ సారు జాలీ ఇవతల నిలబడి చాలాసేపు పరిశీలించి, కొంగలు నీళ్లున్న చోటికి పోతాయని శాస్త్రీయంగా తేల్చారు. కాబట్టి పెంటమ్మ నీళ్లను ఇటు తెస్తే సరి. మోటరు జనార్దన్‌దే ఉన్నది. పైపులు కూడా.

జనార్దన్ స్వయంగా పెంటమ్మ గట్టు మీదికి నడిచి వచ్చారు. అది మామూలు విషయం కాదు.

"నీ నీళ్లు యాడికి పోతయ్ పెంటమ్మ, పక్కకే గద. మంత్రి చూస్తడు."

"మంత్రి చూస్తే నా టమాటకు దూప తీరుతదా పటేలా?"

జనార్దన్ సుకుమార్ వైపు చూశారు. సుకుమార్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"మూడు పొద్దులే పెద్దమ్మా. శుక్రవారం పొద్దుగాల మోటరు తిప్పి మల్ల నింపిస్త. నాది పూచీ."

పెంటమ్మ మోటరును చూసింది, అతని మొహం చూసింది. "పటేలు చెప్తే ఇయ్యకపోతుంటి. నువ్వు సదువుకున్నోనివి బిడ్డా," అని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మోటరు రెండు రోజులు నడిచింది. నీలం కుంట నిండింది. తాబేలు ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్లిపోయింది.

గురువారం తెల్లారేసరికి కొంగలు వచ్చాయి. యాభై అడిగితే మూడు వందల దాకా వచ్చాయి. ఆలూరు దిక్కు నుంచి, హిమాయత్‌నగర్ దిక్కు నుంచి గుంపులుగా దిగాయి. అన్నీ పెంటమ్మ కుంటలోకే. నీళ్లు పోయి పరకలు బురదలో కొట్టుకుంటుంటే, తెల్లగా బంతిభోజనానికి కూర్చున్నాయి. జనార్దన్ కుంట మాత్రం నిండుగా, నీలంగా, ఖాళీగా ఉన్నది.

మంత్రిగారు తివాచీ మీద నడిచి వచ్చి, నీలాన్ని చూసి, జాలీ అవతలి తెలుపును చూశారు. "గదేంది?"

సుకుమార్ నోరు తెరిచాడు. పీడీ సారు ముందే అందుకున్నారు. "అది మన సెకండ్ మోడల్ సార్. నీళ్లు లేని కుంట."

మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. పెద్ద నాయకులకు అంతకన్నా ఎక్కువ అవసరం పడదు. "అంటే కొంగలకు అడ్డం పడుతున్నది నీళ్లేనన్నమాట."

"ఇన్నేండ్లు ఎవ్వరూ గమనించలేదు సార్."

మైకు అందుకుని మంత్రిగారు అక్కడికక్కడే ప్రకటించారు. వానాకాలం లోపు మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో కుంటలన్నీ ఖాళీ చేయించాలె. కుంటకో మోటరు. చప్పట్లకు జాలీ అదిరింది. ఆరో శాలువా పెంటమ్మకు కప్పారు. శుక్రవారం నీళ్లు వస్తాయా అని ఆమె అడిగింది. మంత్రిగారు చేతులు జోడించి నవ్వి, ఫొటోకు తిరిగారు.

శుక్రవారం సుకుమార్ మాట ప్రకారం పీడీ సారు దగ్గరికి పోయి మోటరు సంగతి అడిగాడు. నీళ్లు పోస్తే కొంగలు పోతాయని, అది ఇప్పుడు స్టేట్ మోడల్ అని, మూడేండ్లు అందులో చుక్క పడొద్దని ఆర్డర్ వచ్చిందని సారు ఓపికగా వివరించారు.

"వాన పడితే సార్?"

"దాని గురించి క్లారిఫికేషన్ అడిగినం."

జనార్దన్ కుంటలో నీళ్లున్నందువల్ల దాన్ని పథకం నుంచి తీసేశారు. శనివారం సిటీ నుంచి వచ్చిన చుట్టాలు అందులో ట్యూబులు వేసుకుని ఈదారు. ఆదివారానికి పెంటమ్మ కుంటలో పరకలు అయిపోయాయి. కొంగలు కూడా లేచిపోయాయి.

సోమవారం తొమ్మిదింటికి సుకుమార్ హాజరుకు పోయాడు. నెర్రెలిచ్చిన కుంట నడుమ పెంటమ్మ, ఎప్పుడూ కట్టే తెల్లచీర పైకి దోపి, వంగి చెలిమ తవ్వుతున్నది. గుంతలో ఊరిన నీళ్లను గిన్నెతో తోడి బిందెలో పోస్తున్నది. టమాట సగం సాళ్లు అప్పటికే ఎండిపోయాయి. అతను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి.

"జర ఆ బిందె అందుకో బిడ్డా," అన్నది.

అందుకుని సాళ్లలో పోసి వచ్చాడు. ఫోను గుర్తు చేస్తే, సున్నా పంపుదామని కుంటను ఫొటో తీశాడు. యాప్ కాసేపు తిరిగి లెక్క తేల్చింది. కొంగ: 1. హాజరు: ప్రెజెంట్.

సాయంత్రం నాలుగుకు కూడా అంతే. మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి రెండు మండలాల్లో ఒక్కనాడు కూడా నాగా పెట్టని కొంగ ఎంకపల్లిదేనని ప్రశంసాపత్రం వచ్చింది. సుకుమార్‌కు రెన్యువల్ వచ్చింది. పత్రంలో కొంగకు నంబరు ఇచ్చారు గానీ పేరు రాసే గడి పెట్టలేదు. ఆ కొంగ పేరు పెంటమ్మ. దయచేసి గుర్తుంచుకోండి.