తువ్వాలు వేసిన కుర్చీలు

పిల్లలతో ఓడ ఎక్కినవాడు సముద్రం వైపు చూడకూడదు. చూస్తున్నాడంటే వాడి దగ్గర టైం ఉందని అర్థం. టైం ఉందంటే ప్లానింగ్ లేదని అర్థం. ప్లానింగ్ లేని తండ్రికి ఓడ దేనికి? సూర్యలంక బీచికి పోయి మొక్కజొన్న పొత్తు తిని రావచ్చు కదా!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని, పైగా టైంటేబుల్ ఇన్‌ఛార్జిని. ఆటల పీరియడ్‌ని ఎవరికీ తెలియకుండా మాయం చేసి లెక్కల పీరియడ్‌గా మార్చేసే అంతోని మాస్టారంటే మా స్కూలు పిల్లలు ఇప్పటికీ పళ్ళు నూరతారు. అలాంటి నేను దసరా సెలవుల్లో భార్యాపిల్లలతో చెన్నైలో పెద్ద ఓడ ఎక్కాను. ఎలా ఎక్కగలిగావని మాత్రం అడక్కండి, చెప్పను.

అది ఓడ కాదు మహాప్రభో, నీళ్ళ మీద తేలే ఊరు! స్విమ్మింగ్ పూల్స్, జారుడు బల్లలు, మ్యాజిక్ షోలు, పిల్లల డాన్సులు, బొమ్మలకు రంగులేసే క్లాసులు. వీటన్నిటికీ ఫోన్లో ఒక యాప్. అది చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఓడ కదలకముందే నలుగురికీ టైంటేబుల్ వేసేశాను. టిఫిన్ పీరియడ్‌లో ఇడ్లీ తినొచ్చు, దోసె కుదరదు. దోసె వేసేదాకా నిలబడితే పిల్లల డాన్సు తప్పిపోదూ?

పదేళ్ళ జాన్ ఏది చెబితే దానికి తలూపాడు. ఐదేళ్ళ దీప్తితోనే వచ్చింది చిక్కు. ఇంట్లో బయల్దేరక ముందు నుంచీ దానిది ఒకటే పాట.

"నాన్నా, ఓడలో నీ ఒళ్ళో కూచోని సముద్రం చూస్తా."

అంతే! జారుడు బల్ల వద్దు, మ్యాజిక్ వద్దు. అది యాక్టివిటీ కాదు తల్లీ అని చెప్పి చూశాను. వినలేదు. సరేనని చివరి రోజు సాయంత్రానికి సముద్రం పీరియడ్ ఒకటి వేశాను. అయినా రోజూ పొద్దున్నే లేచి "ఇయ్యాలేనా సముద్రం?" అని అడిగేది. చివరి రోజమ్మా అనేవాణ్ణి. టైంటేబుల్ అన్నాక ఒక పద్ధతి ఉండాలా, వద్దా?

ఇక అసలు విద్య సంగతి చెబుతాను. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడం మా పల్నాడు వాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బుతుంది. మాచర్ల బస్సులో సీటు పట్టగలిగినవాడికి ప్రపంచంలో ఎక్కడైనా సీటు దొరుకుతుంది. చర్చిలో ముందు బెంచీ మీద బైబిలు పెట్టి, ఇంటికి పోయి కాఫీ తాగి వచ్చిన ఘనత నాది. తువ్వాలు ఉన్నచోట మనిషి ఉన్నట్టే లెక్క. ఎవరైనా అడిగితే "మనుషులున్నారండీ" అనాలి. అవతలివాడు ఇక నోరెత్తడు.

ఆ ఓడవాళ్ళు గదిలో తెల్లటి తువ్వాళ్ళు మడతలు మడతలుగా పెట్టి ఉంచారు. ఎంత అమాయకులు! తెల్లారేసరికి పూల్ పక్క కుర్చీల మీద మా తువ్వాళ్ళే, మ్యాజిక్ షో ముందు వరసలో మా తువ్వాళ్ళే.

కానీ ఓడలో ఒక పాడు రూలుంది. మనిషి లేని తువ్వాలును కాసేపు చూసి తీసేస్తారు. తువ్వాలుకే విలువ లేనిచోట మనిషికేం విలువుంటుంది చెప్పండి? చేసేది లేక తువ్వాళ్ళకు మనుషుల్ని కాపలా పెట్టాను. పిల్లలు ఒకచోట, మా ఆవిడ దయామణి ఒకచోట, నేను ఒకచోట. ఎప్పుడైనా లిఫ్టులో ఎదురుపడితే బాగున్నారా అని పలకరించుకునేవాళ్ళం.

"ఏందండీ ఇది? షికారుకొచ్చామా, మిరప కల్లానికి కావలొచ్చామా?" అంది దయామణి ఒకసారి. ఆడవాళ్ళకు ప్లానింగ్ అర్థం కాదని సరిపెట్టుకున్నాను.

చివరి రోజు సాయంత్రం వచ్చింది. సముద్రం పీరియడ్ వెనకాలే మ్యాజిక్ షో, దాని వెనకాలే విందు. మూడుచోట్లా ముందే సీట్లు పట్టకపోతే ఎలా? పిల్లల్ని మ్యాజిక్ హాల్లో, దయామణిని భోజనాల హాల్లో కూర్చోబెట్టాను. "నేనొచ్చి పిలిచేదాకా సీట్లు వదలమాకండి" అని గట్టిగా చెప్పి, పైకి పరిగెత్తి, సముద్రానికి ఎదురుగా నాలుగు కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచాను. ఒకదాంట్లో కూర్చున్నాక తెలిసింది. వాళ్ళను పిలవడానికి లేస్తే కుర్చీలు పోతాయి. లేవకపోతే వాళ్ళు రారు. ఫోన్ చేద్దామంటే నడిసముద్రంలో సిగ్నల్ లేదు. ఇన్నేళ్ళ లెక్కల సర్వీసులో ఇలాంటి లెక్క నాకు తగల్లేదు!

నెల్లూరాయన ఒకడు భార్యతో వచ్చి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు.

"మనుషులున్నారండీ" అన్నాను.

ఆయన ఖాళీ కుర్చీల వంక చూశాడు, నా వంక చూశాడు, పాపం అనుకున్నట్టుగా తల పంకించి, భార్యతో కలిసి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. కుర్చీ లేకుండా కూడా సముద్రం కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

సూర్యుడు దిగిపోయాడు. చూడకూడదనుకున్న సముద్రాన్ని నేనొక్కణ్ణే కూర్చుని చూశాను. చాలా బాగుంది. అందుకే ఏడుపొచ్చింది.

చీకటి పడ్డాక కిందికి వెళ్తే మ్యాజిక్ షో అయిపోయి హాలు ఖాళీగా ఉంది. ముందు వరసలో ఒక చివర జాన్, ఇంకో చివర దీప్తి, మధ్యలో రెండు తువ్వాళ్ళు. దీప్తి నిద్రకళ్ళతో లేచి, "నేను వదల్లేదు నాన్నా సీట్లు" అంది.

మర్నాడు చెన్నైలో ఓడ దిగి, రైల్లో గుంటూరు వచ్చి పడ్డాం. బస్టాండులో నరసరావుపేట బస్సు మీద జనం ఎగబడుతున్నారు. చెయ్యి ఊరుకోదు కదా, కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాను. అందరం సర్దుకున్నాక దీప్తి నా ఒళ్ళో తన బుల్లి చేతిరుమాలు పరిచి, మంచినీళ్ళు తాగడానికి వాళ్ళమ్మ వైపు తిరిగింది. జారి పడిందేమోనని తీయబోయాను.

"తియ్యమాక నాన్నా! ఈడ మనిషుంది."

కాబట్టి పాఠకులారా, ప్లానింగ్ చాలా గొప్పది. అది లేకపోతే కన్నకూతురికి తండ్రి ఒళ్ళో సీటు రిజర్వు చేసుకోవాల్సిన అవసరం ఎందుకొస్తుంది?

దీప్తి వచ్చి కూర్చుంది. ఫిరంగిపురం దాటేసరికి కాలు తిమ్మిరెక్కింది గానీ కదపలేదు. కిటికీలోంచి చూడడానికి మిరప చేలు తప్ప ఏమీ లేవు. ఇద్దరం అవే చూసుకుంటూ పేట దాకా వచ్చాం.