నాలుగు చేపలు, ఒక కొంగ, ఇరవై నాలుగు సిరా బుడ్లు

మనిషి నీటిని పైకి చిమ్మించడం నేర్చుకున్న రోజున నాగరికత పుట్టింది. ఆ నీటి మీద ఫైలు తెరిచిన రోజున స్థిరపడింది. ఈ రెండో ఘట్టం మా పార్కులోనే జరిగింది కనుక, దాని చరిత్రను భావితరాల కోసం నమోదు చేయడం నా బాధ్యత అనుకుంటున్నాను. (భావితరాలు అడగలేదు. రోజూ గంటసేపు నడవమని డాక్టరు చెప్పాడు. నేను పావుగంట నడిచి, మిగతా ముప్పావుగంట ఫౌంటెన్ ఎదుటి బెంచీ మీద కూర్చుంటాను. చరిత్రకారులు ఇలాగే తయారవుతారు.)

ముందు ఫౌంటెన్ సంగతి. గుండ్రటి తొట్టి. మధ్యలో ఒంటికాలి మీద రాతి కొంగ. దాని చుట్టూ, తోకల మీద లేచి నిలబడ్డ నాలుగు రాతి చేపలు. లోకంలో కొంగ చేపల్ని తింటుంది. ఇక్కడ మాత్రం నాలుగు చేపలూ నోళ్లు తెరిచి కొంగ మొహాన నీళ్లు ఉమ్ముతాయి. చెక్కిన శిల్పి పేరు ఎక్కడా లేదు గానీ, ఏదో ఆఫీసులో గుమస్తాగా చేసి మానేసిన మనిషి అయ్యుండాలని నా అనుమానం.

పాతికేళ్ల కిందట ఈ పార్కుకు మాలి వచ్చాడు. చేరిన రోజు మధ్యాహ్నం పన్నెండింటికి చార్జి రిజిస్టరులో సంతకం పెట్టాడు. అందులో ఇలా ఉంది: "పారలు రెండు. కత్తెర ఒకటి. ఫౌంటెన్ ఒకటి, పనిచేస్తున్నది." నిజంగానే అప్పుడు పనిచేస్తోంది. నాలుగింటికి ఆగిపోయింది.

నిజాయితీపరుడు గనుక మాలి మర్నాడే ఆఫీసుకు ఒక కాగితం రాశాడు. "ఫౌంటెన్ పనిచేయడం లేదు." అంతే. టపాలు చూసే గుమస్తా దాన్ని చదివి, ఫౌంటెన్ అన్నాక మళ్లీ పెన్ను అని విడిగా రాయాలా, ఆ మాత్రం మనకు తెలియదా అనుకుని, స్టేషనరీ విభాగానికి పంపాడు. ఆ విభాగం నలభై రోజుల్లోనే జవాబిచ్చింది. (ఆ వేగాన్ని వాళ్లే ఇంతవరకూ దాటలేకపోయారు.) "పాళీని గోరువెచ్చని నీటిలో కడిగి, గట్టిగా విదిలించి చూడగలరు."

పాళీ అంటే ఏమిటో మాలికి తెలుసు. చేపకు పాళీ ఎక్కడుంటుందో తెలియలేదు. అయినా పెద్దలు చెప్పారు కదా అని నీళ్లు కాచి, నాలుగు చేపల మూతులూ కడిగాడు. తిరిగి రాశాడు: "కడిగాను. విదిలించడం నా ఒక్కడి వల్ల కాలేదు." దానికి జవాబు: "సిబ్బంది కొరత అన్ని విభాగాలలోనూ ఉన్నది. ఉన్నవారితోనే సర్దుకొనగలరు."

తొట్టి అడుగున చెమ్మ దిగుతోందని మరుసటి ఏడు రాశాడు. కారే ఫౌంటెన్‌ను చొక్కా జేబులో తలకిందులుగా పెట్టరాదనీ, వాడని సమయంలో మూత బిగించి ఉంచాలనీ సర్క్యులరు వచ్చింది. మాలి ఒక పెద్ద టార్పాలిన్ పట్టా తెచ్చి కొంగ తలమీదుగా కప్పి తాడు కట్టాడు. ఆ సర్క్యులరుతోపాటే ఒక సిరా బుడ్డి కూడా వచ్చింది. అప్పటినుంచి ఏటా ఒకటి చొప్పున వస్తూనే ఉంది. మొదటి పద్నాలుగేళ్లూ నీలం సిరా. పదిహేనో ఏట ఫౌంటెన్‌కు సీనియారిటీ వచ్చిందని, పెద్ద అధికారులు మాత్రమే వాడే ఆకుపచ్చ సిరా మంజూరు చేశారు. మా ఊళ్లో ప్రమోషన్ కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనిది ఆ కొంగ ఒక్కటే. దానికున్నది ఒంటికాలు, అదీ దాని అవసరానికే సరిపోయింది.

ఎవరికీ అనుమానం రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. ఒకసారి ఒక కొత్త గుమస్తా "ఇది పెన్ను కాదు, నీళ్ల ఫౌంటెన్" అని పైకి రాశాడు. సిరాలో నీళ్లు ఎవరు కలుపుతున్నారో విచారించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. విచారణ ఆ గుమస్తాతోనే మొదలుపెట్టారు. ఆ తరువాత అతను జీవితంలో ఏదీ పైకి రాయలేదు. ఎవర్ని అడిగినా నీళ్లు నమలడమే. క్రమంగా ఊరంతా ఫౌంటెన్ మీద ఆశకు నీళ్లొదిలేసింది. నీళ్లు వదలనిది ఫౌంటెన్ ఒక్కటే.

ఇదంతా ఇలాగే హాయిగా సాగిపోయేది, మాలికి వయసు రాకపోయి ఉంటే. మూడేళ్ల కిందట ఆయన రిటైర్ కావాలి. అయితే నిబంధన ఒకటుంది: చార్జి ఏ స్థితిలో తీసుకున్నారో ఆ స్థితిలోనే అప్పగించాలి. పారలు ఉన్నాయి. కత్తెర ఉంది. ఫౌంటెన్ "పనిచేస్తున్నది" కాదు. కనుక మాలి రిటైర్ కాలేదు. మోకాళ్లు పట్టేసినా, వంగితే లేవలేకపోయినా, రోజూ ఉదయం ఆరింటికి వచ్చి పట్టా విప్పి, పనిచేయని ఫౌంటెన్ ఇంకా పనిచేయడం లేదని నిర్ధారించుకుని, రిజిస్టరులో రాసి, మళ్లీ కప్పేవాడు.

మాలి భార్య నూలు మిల్లులో యంత్రాల దగ్గర పనిచేసి, వేళకు రిటైరైన మనిషి. (ప్రైవేటు మిల్లు. యంత్రం చెడితే బాగుచేసేవారట.) ఒకరోజు బెంచీ దగ్గరికొచ్చి నాతో అంది.

"అన్నయ్యగారూ, నాకు నగలొద్దు, నాణ్యాలొద్దు. పొద్దున్నే ఇద్దరం గుమ్మంలో కూచుని, పదింటిదాకా తీరిగ్గా కాఫీ తాగుదాం అన్నాడండీ ఈయన. రిటైరయ్యాక అన్నాడు. మూడేళ్లుగా రోజూ రెండు గ్లాసులు పెడుతున్నా. రెండోది చల్లారిపోయాక అదీ నేనే తాగుతున్నా. నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో!"

నాకు మనసు చివుక్కుమంది. ఒక మనిషి కాఫీ తాగడానికి ఒక కొంగ మొహం తడవాల్సి రావడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

ఆవిడ పెట్టిన అర్జీల ఫలితంగా ఒక తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో ఫారం, ఒక తెల్లకాగితం. పెన్ను నన్నడిగి తీసుకున్నాడు. (స్టేషనరీ విభాగం వారి దగ్గర పెన్నులుండవు. అన్నీ పంపిణీలో ఉంటాయి.) నాకున్నది ఒకే ఒక మంచి పెన్ను. దాని మీంచి చూపు తిప్పకుండా కూర్చోవడం వల్ల, తరువాత జరిగినదంతా స్పష్టంగా చూశాను.

"ఇదేనా ఫౌంటెన్?"

"ఇదేనండి," అన్నాడు మాలి.

అధికారి రెండుసార్లు చుట్టూ తిరిగాడు. కొంగ మొహంలోకి తేరిపార చూశాడు. ఫారంలో "జేబులో పట్టునా?" అన్నచోట "పట్టదు" అని రాశాడు.

"అయ్యా, ఇది పెన్ను కాదు కదండీ."

"నాకు కళ్లు లేవనుకున్నావటయ్యా? ఇది పెన్ను కాదని రాశాననుకో. మరి ఇన్నేళ్లూ చేపలకి సిరా ఎందుకు పంపారని అడుగుతారు. ఎవర్ని అడుగుతారు? పంపినవాళ్లని. ఎవరు పంపారు? మేం. ఇప్పుడు చెప్పు. నీకు రిటైర్మెంటు కావాలా, మా అందరికీ సస్పెన్షన్ కావాలా?"

"నాకు రిటైర్మెంటేనండి."

"అయితే ఇది పెన్నే."

"మరి రాయదు కదండీ?"

"రాయించు. వచ్చే సోమవారం వస్తా," అని, "రాయుచున్నదా?" అన్న గడిని ఖాళీగా ఉంచి, పెన్ను నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

మర్నాడు ఉదయం మాలి భార్య పనిముట్ల సంచితో దిగింది.

"ఏవయ్యా, ఇది ఎక్కడ చెడిందో నీకు తెలుసా, తెలీదా?"

"మొదటి రోజునుంచీ తెలుసు. అడుగున వాల్వులో వాషరు అరిగింది."

"తెలిసి పాతికేళ్లు చూస్తూ కూచున్నావా?"

"అనుమతి లేకుండా సిబ్బంది ఎవరూ ఫౌంటెన్ విప్పకూడదని సర్క్యులరుందే. పాళీ పాడవుతుందిట."

"నేను సిబ్బందినా?"

మాలి ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. కాదు. ప్రజలు మరమ్మతు చేయరాదని ఏ నిబంధనలోనూ లేదు, అలాంటి ప్రజలు ఉంటారని ఎవరూ ఊహించకపోవడం వల్ల. ఆవిడ కొంగు బిగించి తొట్టిలోకి దిగింది. భర్త పాత రబ్బరు చెప్పు అడిగి తీసుకుని, మడమ దగ్గర గుండ్రంగా ఒక ముక్క కోసింది. పానా పట్టుకుని నిలబడే బాధ్యత నాకు అప్పగించారు. (కథకు ఈ వివరంతో పనిలేదు. గొప్పకి చెబుతున్నాను.)

నలభై నిమిషాలు పట్టింది. ముందు అడుగున గుడగుడమంది. మొదటి చేప దగ్గి, గుప్పెడు ఎండుటాకులు కక్కింది. రెండోది తుమ్మింది. ఆ తరువాత నాలుగూ ఒక్కసారిగా, పాతికేళ్ల కసి తీరేట్టు కొంగ మొహాన ఉమ్మాయి. మూడో చేప కొంచెం పక్కకు తిరిగి ఉండడంతో సగం నీళ్లు నా మీద పడ్డాయి. నడకకు వచ్చినవాళ్లంతా నడక ఆపేశారు. పిల్లలు కేకలేశారు. మాలి పట్టా చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు నిజంగా కళ్లు చెమర్చాయి. మూడో చేప పుణ్యమా అని ఎవరూ కనిపెట్టలేదు.

సోమవారం అధికారి వచ్చాడు. నీళ్లను చూసి ఆయన కూడా ఒక్క క్షణం నవ్వాడు. వెంటనే సర్దుకుని, తెల్లకాగితం తీసి మొదటి చేప నోటి ముందు పట్టాడు. కాగితం తడిసింది.

"అక్షరం లేదు," అన్నాడు. "రాయడం లేదన్నమాట."

మాలి మొహం వాడిపోయింది. ఆయన భార్య మాత్రం పంపు గదిలోకి వెళ్లి, బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఇరవై నాలుగు బుడ్లు. ఒక్కటీ మూత తీయనివి.

"సిరా మీరే పంపారు కదండీ. పోయకుండా రాయట్లేదంటే ఎలా?"

ఆమె ఒక్కొక్క మూతా తీసి తొట్టిలో పోసింది. పద్నాలుగు నీలం, పది ఆకుపచ్చ. రెండు నిమిషాల్లో రంగు పైకెక్కింది. నాలుగు చేపలూ సిరా చిమ్ముతుంటే, పాతికేళ్లు కొంగగా సర్వీసు చేసిన పక్షి మా కళ్లముందే నెమలి అయింది. అధికారి మళ్లీ కాగితం పట్టాడు. దానిమీద చుక్కలు, గీతలు, ఒకచోట కొమ్ములాంటిది పడ్డాయి. చాలాసేపు చూశాడు.

"చేతిరాత బాగాలేదు," అన్నాడు.

"మా డాక్టరు చీటీ కంటే నయమే," అన్నాను నేను.

ఆయనకు ఆ వాదన నచ్చింది. నా పెన్ను తీసుకుని "రాయుచున్నది" అని రాశాడు. మాలి చేత సంతకం పెట్టించాడు. "సార్, మీరు రోజూ ఇక్కడే కూచుంటారట కదా, ఇక్కడో సంతకం పడెయ్యండి," అని ఫారం నా ముందు పెట్టాడు. సాక్షి సంతకమనుకున్నాను. కళ్లజోడు నిండా సిరా. సంతోషంలో ఉన్న మనిషి చదవడు కూడా. పెట్టేశాను.

"పద," అంది మాలి భార్య, ఆయన చెయ్యి పట్టుకుని. "కాఫీ చల్లారిపోతుంది."

"ఎప్పుడు పెట్టావే?"

"మూడేళ్లయింది."

వాళ్లలా గేటు దాటి వెళ్లడం ఈ పార్కులో నేను చూసిన అన్నిటికన్నా అందమైన దృశ్యం. దానిముందు ఫౌంటెన్ కూడా దిగదుడుపే.

వారం తరువాత నాకు ఇంటికి ఒక కవరు వచ్చింది. "తమ చార్జిలో ఉన్న ఫౌంటెన్ విషయమై" అని మొదలైంది. నేను సంతకం పెట్టింది "తీసుకున్నవారు" అన్న గడిలోనట. ఫౌంటెన్లకు కాలం చెల్లినందున వాటన్నిటికీ బదులుగా తలా ఒక బాల్‌పెన్ను ఇస్తున్నామనీ, పోకుండా దారంతో కట్టి ఉంచాలనీ, పాత ఫౌంటెన్‌ను కవరులో పెట్టి తిప్పి పంపాలనీ ఉంది. తగిన సైజు కవరు కోసం ఇండెంటు పెట్టాను. అది వచ్చేదాకా నీళ్లకు ఢోకా లేదు. రంగు ఎప్పుడో కడుక్కుపోయింది. ఒక్క కొంగ మెడ దగ్గర మాత్రం కాస్త పచ్చగా మిగిలింది. మాలి దంపతులు కాఫీ ముగించుకుని పదింటికి వచ్చి, నా బెంచీ మీద కూర్చుంటారు. నేను డ్యూటీలో ఉంటాను కనుక నిలబడతాను.

బాల్‌పెన్నును ఉత్తర్వు ప్రకారం కొంగ కాలికి దారంతో కట్టాను. రాసి చూశాను. రాయడం లేదు. అది రాసేదాకా నేను చార్జి ఎవరికీ అప్పగించడానికి వీల్లేదట. ఫిర్యాదు చేద్దామని ఫారం తెచ్చుకున్నాను. దాన్ని ఆ పెన్నుతోనే నింపాలట.