మర్యాదస్తుల ఊళ్ళో రక్తపరీక్ష

మా ఊళ్ళో గర్భిణులకు తిండికి ఏ లోటూ లేదని శాస్త్రీయంగా రుజువైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ సంగతి తేల్చడం కోసం రాజమహేంద్రవరం నుంచి ఒక పరిశోధక బృందం వచ్చి, వారం పాటు మా ఊళ్ళో మకాం వేసి, రోజుకొక ఇంట్లో భోంచేసి మరీ తేల్చింది. ధవళేశ్వరం దిగువన కాలువ గట్టు మీదున్న మా ఊరికి ఇంతటి గౌరవం దక్కడం ఇదే మొదలు.

బృందానికి నాయకుడు డాక్టర్ జగన్నాథరావు గారు. తల్లీబిడ్డల ఆరోగ్యం మీద చాలా ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నారు. తల్లులూ బిడ్డలూ ఎలా ఉన్నా, పరిశోధన మాత్రం దినదినాభివృద్ధి చెందుతూ వచ్చింది. మా వైపు కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు రక్తం ఎందుకు తక్కువగా ఉంటోందన్నది ఈసారి ఆయన తేల్చదలచిన విషయం. పద్ధతి తేలికే. నిన్న ఏం తిన్నావమ్మా అని అడగాలి, ఆ తర్వాత వేలు మీద పొడిచి రక్తం చూడాలి.

మా ప్రాంతం గురించి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషిని భోజనం పెట్టకుండా పంపించడం మాకు చేతకాదు. ఆ వచ్చిన మనిషి ముందు మా ఇంట్లో ఫలానాది లేదని ఒప్పుకోవడం అసలే చేతకాదు. ప్రాణం పోయినా ఫరవాలేదు గాని మాట పడకూడదు. పోయే ప్రాణం ఎవరిదన్నది వేరే విషయం.

బృందం మొదట వెళ్ళింది పెద్దిరాజు గారి ఇంటికి. వరిచేలూ, కొబ్బరితోటా, రొయ్యల చెరువూ ఉన్న ఇల్లు. ఆయన భార్య రామతులసి గారు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చారు. కోడలు హారతికి ఏడో నెల. రెండో కాన్పు కాబట్టి పుట్టింటికి పంపలేదు. పంపితే ఇక్కడ వండేవాళ్ళు లేరు కూడా.

ఆ రోజు విస్తట్లో కోడి వేపుడు, కొరమీను పులుసు, రొయ్యలూ ములక్కాడా, పనసపొట్టు కూర, ముద్దపప్పు, గడ్డపెరుగు పడ్డాయి. ఊరి పెద్దల తరఫున నేనూ ఒక విస్తరి ముందు కూర్చున్నాను. చీకటితో లేచి అవన్నీ వండింది హారతే, వడ్డించిందీ హారతే. తాము పరిశోధించడానికి వచ్చిన గర్భిణి, తమ చుట్టూ పులుసు గిన్నెతో తిరుగుతున్న మనిషేనని బృందానికి పెరుగన్నం దాకా తెలియలేదు.

చేతులు కడుక్కున్నాక జగన్నాథరావు గారు అధ్యయనం ప్రారంభించారు. "నిన్న ఏం తిన్నావమ్మా?"

హారతి నోరు తెరిచేలోగా రామతులసి గారు అందుకున్నారు. "అయ్యబాబోయ్, మా కోడలికి తిండికేం లోటండీ! పొద్దున్నే నెయ్యేసిన పెసరట్టు. పదింటికి పాలు. మధ్యాన్నం ఇదిగో, ఇయ్యాల మీరు తిన్నయ్యే అన్నీ. వద్దన్నా కూర్చోబెట్టి తినిపిత్తామండి, ఆయ్!"

నిజానికి ముందురోజు హారతి ఇంట్లో తిన్నది, అందరూ లేచాక అడుగున మిగిలిన అన్నం, ఇంత మాగాయ. లోపల బిడ్డ పెరిగితే కాన్పు కష్టమవుతుందని అత్తగారి భయం, అందుకని రెండోసారి వడ్డించుకోవడం కూడా లేదు. ఆ పిల్ల ఒకచోట కూర్చుని వేడిగా తినేది అంగన్‌వాడీలోనే. మొదటి కాన్పు పిల్లాణ్ణి, పెద్దవాణ్ణి, దింపి వస్తానని వెళ్ళి, అక్కడ గర్భిణులకు పెట్టే అన్నం, గుడ్డు, గ్లాసుడు పాలు గబగబా ముగించి వచ్చేది.

జగన్నాథరావు గారు నిబంధనలు పాటించే మనిషి. "అమ్మాయి నోటితో కూడా ఒక మాట చెప్పించండి," అన్నారు.

"అంగన్‌వాడీలో గుడ్డు తిన్నానండి," అంది హారతి.

పెద్దిరాజు గారు ముందు తేరుకుని పెద్దగా నవ్వారు. "పిల్లోడి కోసం వెళ్తదండి, అక్కడ ఆళ్ళు మొహమాటపెట్టేత్తారు. మాకెందుకండీ గవర్నమెంటు గుడ్లు? లేనోళ్ళకి పెట్టుకోమనండి!"

ఈ త్యాగానికి డాక్టరు గారు చలించిపోయారు. గ్రామస్తులు అనుబంధ ఆహారాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటున్నారని అక్కడికక్కడే రాయించారు. హారతిని మరి అడగలేదు. తాంబూలాలు తెమ్మని అత్తగారు ఆమెను లోపలికి పంపేశారు.

పెద్దిరాజు గారు వదులుకున్నాక మిగతా ఇళ్ళవాళ్ళు ఊరుకుంటారా? అందరూ వదులుకున్నారు. కూలికెళ్ళే చిట్టియ్య ఎదురింటివాళ్ళను బతిమాలి కోడిని తెచ్చుకుని బృందానికి వండి పెట్టాడు. కడుపుతో ఉన్న అతని భార్య రోజూ కోడికూర తింటున్నట్టు నమోదైంది.

చిక్కల్లా రక్తంతో వచ్చింది. దానికి మర్యాద తెలియదు. హిమోగ్లోబిన్ పదకొండు ఉండాల్సిన చోట హారతికి ఏడు చూపించింది. మిషనుకు కాలువ గాలి పడలేదేమోనని తుడిచి మళ్ళీ పొడిచారు, ఏడే. మూడో వేలు కూడా అయింది. ఉన్న కాస్త రక్తంలోంచే ఆ పిల్ల శాస్త్రానికి ఇంత సాయం చేసింది.

ఫలితాల సభ రాజమహేంద్రవరంలో ఒక పెద్ద హోటల్లో జరిగింది. జగన్నాథరావు గారి ఉపన్యాసం మీకూ తెలియాలి. "ఇంతటి సమృద్ధిలోనూ ఈ స్త్రీలకు రక్తం పట్టకపోవడం వైద్యశాస్త్రానికే సవాలు! లోపం ఆహారంలో లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. కాలువ నీటిలో ఉండవచ్చు, సెల్‌ఫోనులో ఉండవచ్చు, గర్భిణుల అశ్రద్ధలో ఉండవచ్చు. లోతైన పరిశోధన అవసరం!" చప్పట్లు మోగాయి. పెద్దిరాజు దంపతులకు ఆదర్శ మాతృగృహం పేరిట శాలువా కప్పారు. మా ఊరికి వచ్చే గుడ్లూ పాలూ అవసరమున్న ప్రాంతాలకు తరలించాలని తీర్మానించారు. ఏ కమిటీ సిఫారసూ ఇంత త్వరగా అమలు కావడం నేను చూడలేదు.

ఆ తర్వాత హారతి పెద్దవాణ్ణి అంగన్‌వాడీలో దింపి, ఉత్త కడుపుతో తిరిగి వచ్చేది.

నెలలు నిండకుండానే ఒక పొద్దున అన్నం గిన్నె దించుతూ వంటింట్లో పడిపోయింది. కారులో రాజమహేంద్రవరం ఆసుపత్రికి చేర్చాం. వెంటనే రక్తం ఎక్కించాలి, లేకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అని డాక్టరమ్మ చెప్పింది. హారతి భర్త దుర్గాసాయి రక్తం సరిగ్గా సరిపోయింది.

రామతులసి గారు కొడుకు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశారు. "వాడా! అమ్మో, వాడసలే సరిగ్గా తినడండీ! రక్తమిత్తే ఏమైపోతాడు?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. మరి నువ్విచ్చావా అంటారు. ఆ రోజు నాకు కాస్త నలతగా ఉంది. పెద్దిరాజు గారికి సుగరు. మిగతా బంధువులకు ఎవరి పనులు వాళ్ళకు గుర్తొచ్చాయి. చివరికి పక్క వార్డులో తమ్ముణ్ణి చూసుకుంటున్న ఎవరో ఆటో డ్రైవరు వచ్చి పడుకుని ఇచ్చాడు. హడావుడిలో అతని పేరు అడగలేదు, భోజనానికీ పిలవలేదు.

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. కొన్నాళ్ళు అద్దాల పెట్టెలో ఉండి ఇల్లు చేరింది. ఇంత తిండి తిన్న తల్లికి ఇంత చిన్న బిడ్డ పుట్టడం మరో వింత కాబట్టి, జగన్నాథరావు గారి పరిశోధనకు రెండో దశ మంజూరైంది.

వచ్చే ఆదివారం బిడ్డను తూచడానికి బృందం వస్తోంది. మీరూ రండి. వంటకు ఇబ్బందేమీ లేదు. పురుడు వెళ్ళిపోయింది కనుక హారతి వంటింట్లోకి రావడానికి అభ్యంతరం లేదు. మొహమాటపడకుండా కడుపునిండా తినండి. లేచేటప్పుడు మాత్రం గిన్నెల్లో ఏం మిగిలిందా అని తొంగిచూడకండి. మర్యాదగా ఉండదు.